పన్నెండేళ్లుగా జేబులో ఉన్న స్విస్ సైనికుడి చాకు

జ్యూరిక్‌లో పనిచేసిన రోజుల్లో, ఎండాకాలం శనివారాలు బుర్క్లిప్లాట్స్ దగ్గర జరిగే పాత సామాన్ల సంతకు వెళ్లేవాణ్ణి. అక్కడ ఒక పెద్దాయన గుడ్డ పరిచి చెంచాలు, గడియారాలు, చాకులు అమ్ముతున్నాడు. వాటిలో ఒక చాకు తెరిచి చూస్తే, బ్లేడు పిడిలోకి కలిసేచోట 72 అని చిన్న అంకె కొట్టి ఉంది. అంటే 1972లో తయారైంది, నేను పుట్టిన సంవత్సరం. 25 ఫ్రాంకులు ఇచ్చి తీసుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లో ఉన్నా బయట ఉన్నా అది నా జేబులోనే ఉంటోంది. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను.

దీన్ని సైనికుడి చాకు, 1961 మోడల్ అంటారు. దుకాణాల్లో కనిపించే ఎర్ర ప్లాస్టిక్ పిడి దీనికి లేదు, కత్తెరా లేదు. గరుకుగా ఒత్తిన వెండిరంగు అల్యూమినియం పిడి, దాని మీద చిన్న ఎర్ర డాలులో తెల్ల శిలువ. పొడవు 93 మిల్లీమీటర్లు, బరువు 72 గ్రాములు. ఒక బ్లేడు, దబ్బనంలాంటి పొడుపు, సోడామూత తీసే స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనరు, అంతే. 1890లో స్విస్ సైన్యం మొదటి నమూనా ఖరారు చేసినప్పుడూ ఇంచుమించు ఇవే ఉన్నాయి. తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవరు, టిన్ను తిండికి ఓపెనరు కావాలి కాబట్టి పెట్టారు. ఆ మొదటి విడత చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్ ఊళ్లో చాకులు చేసే కార్ల్ ఎల్జెనర్ 1891లో సరఫరా మొదలుపెట్టాడు. ఆ కార్ఖానాయే తర్వాత విక్టోరినాక్స్ కంపెనీ అయింది.

ఇంట్లో దీనికి దొరకని పని లేదు. ఊడిన స్విచ్‌బోర్డు బిగించడం, బెల్టుకి కొత్త చిల్లు పెట్టడం, బియ్యం బస్తా కుట్టు విప్పడం, రైల్లో జామకాయ కోయడం. అన్నిటికంటే ఎక్కువ వాడింది ఆ పొడుపునే. చెప్పు తెగితే రంధ్రం పొడిచి దారం లాగి ఇల్లు చేరిన రోజులున్నాయి. ఇన్నేళ్లయినా స్ప్రింగు వదులు కాలేదు. మూసినప్పుడు ఇప్పటికీ టక్కుమని మోగుతుంది. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టం.

సముద్రపు గాలిలో ఉండేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. నా దగ్గర రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ సైనికుల చాకు కూడా ఉంది, షెఫీల్డ్‌లో చేసింది. నల్లటి గళ్ల పిడి, బాణం గుర్తు, తాడు ముడులు విప్పుకోవడానికి లావుపాటి ఇనుప ములికి. చూడ్డానికి దానిముందు స్విస్ చాకు బొమ్మలా ఉంటుంది. కానీ బ్రిటిష్ చాకుది కార్బన్ స్టీలు, అంటే తుప్పు పట్టే ఉక్కు. పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడి ముక్కకు ఇనుము రుచి వస్తుంది. వానాకాలంలో వారం రోజులు వదిలేస్తే తుప్పు మచ్చలు. మొదట కొబ్బరినూనె రాశాను, అది కొన్నాళ్లకు బంకలా గట్టిపడి కీలు పట్టేసింది. కుట్టుమిషను నూనెకి మారాక బాగుపడింది. పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. వీధిలో కరెంటు చక్రం మీద సానపట్టే అతనికి ఇచ్చాను. నిమిషంలో అంచు వేడెక్కి నీలం తిరిగింది. ఉక్కు పదును చచ్చిపోయింది, ఎనభై ఏళ్లు నిలిచిన బ్లేడు నా తొందరవల్ల పాడైంది. ఇప్పటికీ దాన్ని చూస్తే బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి ఏ చాకైనా ఇంట్లో నీళ్ల రాయి మీద నేనే పదును పెడుతున్నాను.

స్విస్ చాకుది స్టెయిన్‌లెస్, తుప్పు బెడద లేదు. లోపాలు దీనికీ ఉన్నాయి. బ్లేడుకి లాక్ లేదు. ఒకసారి కొనతో గట్టిగా పొడవబోతే బ్లేడు మూసుకుపోయి చూపుడువేలు తెగింది. ఉక్కు కాస్త మెత్తన, అట్టపెట్టెలు వరసగా కోస్తే నెలకోసారైనా సానపట్టాలి. తాళంచెవులకు తగిలించుకునే రింగూ లేదు.

కొనాలనుకునేవాళ్లు ముందు బ్లేడు వెడల్పు చూడండి. పదేపదే సానపట్టి సగం అరిగిపోయినవి చాలా వస్తాయి. పిడిని మెరుగుపెట్టి కొత్తదిలా చేసినవి వద్దు. నాదాని పిడి మీద పాత యజమాని గీసుకున్న రెండు అక్షరాలున్నాయి, వాటివల్ల నాకు అదంటే ఇంకా మక్కువ.

వెంట తిప్పడంలో జాగ్రత్త అవసరం. బ్లేడు మూడు అంగుళాలు కూడా ఉండదు కానీ మాల్ గేటు దగ్గర ఎలాగూ ఆపుతారు, బండి డిక్కీలో పెట్టి వెళ్తాను. విమానంలో అయితే చెకిన్ సామాన్లోనే. ఇది మర్చిపోయి జేబులో ఉంచుకున్నందుకు 84 ముద్ర ఉన్న ఇంకో చాకు ఎయిర్‌పోర్టు తనిఖీలో వదిలేసి రావాల్సి వచ్చింది.

2008లో స్విస్ సైన్యం రంపం, లాక్ ఉన్న పెద్ద చాకుకి మారింది. అది 111 మిల్లీమీటర్లు, ఒంటిచేత్తో తెరవచ్చు. సైనికుడికి అది మేలేమో కానీ ప్యాంటు జేబులో బరువు. నాకు పాతదే చాలు. మా అమ్మాయి 2003లో పుట్టింది. 03 ముద్ర ఉన్న 1961 మోడల్ కోసం రెండేళ్లుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.