తుంటి బెల్ట్: పక్క పట్టీలకు నూటికి నూరు, వెల్‌క్రోకి మాత్రం కాదు

గర్భిణులకు అమ్మే ఈ బెల్టుల సైజు, రంగు, ధర అన్నీ డబ్బా మీదే ఉంటాయి, అవి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది దానికి రెండు పక్కలా కుట్టిన సాగే పట్టీల గురించి. ఐదో నెల నుంచి కాన్పు తర్వాత రెండు నెలల దాకా వాడాను. ఆ పట్టీలంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

నాకు వచ్చింది పెల్విక్ గర్డిల్ పెయిన్, అంటే కటి ఎముకల కీళ్ల దగ్గర వచ్చే నొప్పి. ముందువైపు, పొత్తికడుపు కింద ఎముకలు కలిసేచోట ఒక పోటు, వెనక నడుము కింద కుడిపక్కన ఇంకో పోటు. మంచం మీద పక్క తిరగాలన్నా, నిలబడి సల్వార్ తొడుక్కోవాలన్నా ప్రాణం పోయేది. "కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు మామూలేనమ్మా, మేమూ పడ్డాం" అన్నారు అత్తయ్య, ప్రేమగానే. సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుందంటారు కాబట్టి మామూలే కావచ్చు. అంతమాత్రాన పళ్ల బిగువున భరించాల్సిన అవసరం లేదు.

మందుల విషయంలో పెద్దగా వెసులుబాటు లేదు. పారాసిటమాల్ ఒక్కటే, అదీ తను రాసిన మోతాదులోనే వేసుకోమన్నారు డాక్టర్‌గారు. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ జెల్ కూడా రాసుకోవద్దన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు గర్భం 20 వారాలు దాటాక వాడితే బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. అందుకే నాలాంటివాళ్లకి బెల్ట్ అంత ముఖ్యమైపోతుంది.

అది నాకు పనికొస్తుందో లేదో కొనకముందే తెలిసింది. ఫిజియోథెరపిస్ట్ నన్ను కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు జానెడు పైకి లేపమంది. లేవలేదు. ఎంత ప్రయత్నించినా మడమ బల్ల మీద నుంచి కదల్లేదు. అప్పుడు ఆమె నా తుంటి ఎముకలను రెండు పక్కల నుంచీ అరచేతులతో లోపలికి అదిమి పట్టుకుని "ఇప్పుడు లేపమ్మా" అంది. లేచింది! నొప్పి ఉంది, అయినా లేచింది. నాకు ఏడుపొచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయని, బయటి నుంచి ఒత్తిడి ఇస్తే కాలు లేస్తోంది కాబట్టి బెల్ట్ నాకు పనికిరావచ్చని చెప్పింది.

డబ్బా మీది బొమ్మలో బెల్ట్ పొట్టను ఎత్తిపట్టినట్టు ఉంటుంది. ఆమె పెట్టింది అక్కడ కాదు. పొట్టకు పూర్తిగా కిందుగా, తుంటి పక్కల చేతికి గట్టిగా తగిలే ఎముకలకు కాస్త పైన. ముందు వెడల్పు బెల్ట్‌ను మామూలుగా అతికించి, తర్వాత రెండు పక్క పట్టీలనూ ఒకేసారి ముందుకు లాగి అంటించాలి. లాగగానే ఆమె అరచేతులే మళ్లీ పట్టుకున్నట్టు అనిపించింది. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ సాయంత్రం ఎక్కడా కూర్చోకుండా ఇంట్లోకి వెళ్లాను.

ఇక ఎనిమిదో నెల. విజయవాడలో మే నెల ఎండలు. స్కాన్ సెంటర్ పైఅంతస్తులో ఉంది, ఆరోజు లిఫ్ట్ పనిచేయడం లేదు. సగం మెట్లు ఎక్కానో లేదో ఎడమ పట్టీ చర్రుమని ఊడిపోయింది. మళ్లీ అంటించాను, ఊడింది. చెమటకి తడిసిపోయి, నైటీల నూలు పోగులన్నీ చిక్కుకుని వెల్‌క్రో పట్టు వదిలేసింది. అడుగు పైకి పడదు, కిందికీ పడదు. రెయిలింగ్ పట్టుకుని వణుకుతున్నాను. మా ఆయన కుర్చీ కోసం పరిగెత్తారు. ఈలోపు అక్కడి ఆయమ్మ వచ్చి, ఏమీ అడగకుండా నా చున్నీనే నాలుగు మడతలు వేసి, నేను చూపించిన చోట తుంటి చుట్టూ బిగించి ముడివేసింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చుకుంటూ పైకి చేరాను. ఆ తల్లికి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

పాత టూత్‌బ్రష్‌తో పోగులు తీస్తే వెల్‌క్రో కొంత బాగుపడింది, ఎక్కువ రోజులు ఆగలేదు. చివరికి మా వీధి టైలర్ దగ్గర వెడల్పాటి కొత్త వెల్‌క్రో కుట్టించాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊడలేదు. అంత మంచి పట్టీలు కుట్టినవాళ్లు ఈ ఒక్కటీ సరిగ్గా పెట్టకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

బెల్టే నన్ను నడిపించిందని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి అదే వారం వ్యాయామాలూ మొదలయ్యాయి, కూర్చుని బట్టలు వేసుకోవడం, స్నానానికి కుర్చీ, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కడం కూడా. మేలు చేసింది ఏది ఎంతో విడదీయలేను. ఆఫీసులో కూర్చుంటే తొడల మడత దగ్గర ఒరుసుకునేది, అందుకని నడిచేటప్పుడే పెట్టుకునేదాన్ని. రాత్రి పక్క తిరగడానికైతే దీనివల్ల ఒరిగిందేమీ లేదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, రెండు కాళ్లూ కలిపి ఒకేసారి తిరగడం, జారే శాటిన్ నైటీ, ఇవే ఆదుకున్నాయి. నొప్పి లేకుండా మోకాళ్లు ఎంత దూరం విడివడతాయో ముందే చూసి, అంతకు మించి కాళ్లు విడదీయకుండా ఆస్పత్రి ఫైల్లో రాయించడం కాన్పు రోజు బెల్ట్ కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

మణికట్టు తిమ్మిర్లకి, మోకాళ్ల వాపులకి ఇది చేసేదేమీ లేదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, జ్వరంతో కీళ్లు వాచినా బెల్ట్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నాది కూర్చుని చేసే ఉద్యోగం, ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉంది, వంటకి అత్తయ్య ఉన్నారు. రోజంతా నిలబడేవాళ్లకి ఎలా ఉంటుందో నా అనుభవంతో చెప్పలేను. మా ఆడపడుచుకి ఇప్పుడు ఐదో నెల, తనకీ ఈ నొప్పే మొదలైంది. బెల్ట్ ఇమ్మని అడిగింది. ముందు ఫిజియో దగ్గర ఆ కాలు లేపే పరీక్ష చేయించుకోమన్నాను. అదిమితే కాలు లేస్తే, టైలర్ కుట్టిన వెల్‌క్రోతో సహా నాదే ఇచ్చేస్తాను.