అమీర్‌పేటలో ఫొటో ఎడిటింగ్ కోర్సు: చేరదలచినవారి కోసం ఒక సమీక్ష

పత్రికలు, డిజిటల్ మీడియాలో పనిచేయదలచినవారి కోసమంటూ అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ నడుపుతున్న మూడు నెలల ఫొటో ఎడిటింగ్ సాయంత్రపు కోర్సును ఇటీవల పూర్తి చేశాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

ఫొటోషాప్, లైట్‌రూమ్ తరగతులు పద్ధతిగా సాగాయి. లేయర్లు, మాస్కులు, రంగుల సవరణ ఓపికగా నేర్పారు. ప్రతి విద్యార్థికీ విడిగా ఒక సిస్టమ్ ఇచ్చారు. అయితే మానిటర్లను క్యాలిబ్రేట్ చేయకపోవడం (అన్ని తెరలూ రంగులను ఒకేలా చూపేలా సరిచేయకపోవడం) వల్ల ఒకే ఫొటో ఒక్కో తెరపై ఒక్కో రంగులో కనిపించేది. రంగులు దిద్దడం నేర్పే చోట ఇది చిన్న లోపం కాదు.

ఈ కోర్సుకు అసలు విలువ తెచ్చినవి, పత్రిక ఫొటో డెస్కులో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన తీసుకున్న తరగతులు. ఆయన మౌస్ పట్టనివ్వకుండానే పాఠం మొదలుపెట్టేవారు. బోనాల ఊరేగింపులో తీసిన ఫొటోల ఫోల్డరు మొత్తం మా ముందుంచి, మొదటి పేజీకి ఒక్కటే ఎంచుకోమని, ఎందుకు ఎంచుకున్నామో, మిగిలినవి ఎందుకు వదిలేశామో చెప్పమని అడిగేవారు. ఆ తర్వాత ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు తప్పకుండా ఫొటో కింద వేసే రైటప్ రాయించి, అవే వివరాలను ఫొటో ఫైలులోనే సమాచారం భద్రపరిచే ఐపీటీసీ గడుల్లో నింపించేవారు. న్యూస్‌ప్రింట్‌పై నాలుగు రంగుల సిరా శాతాలు కలిపితే వచ్చే మొత్తం సుమారు 240 మించితే నీడ భాగాలు ముద్దకడతాయని, అందుకే తెరపై అందంగా కనిపించిన ఫొటో తెల్లారి పేపర్లో మసకబారుతుందని ఆయన అచ్చు పేజీలు చూపించి వివరించారు. నేషనల్ జియోగ్రాఫిక్ 1982లో ముఖచిత్రం కోసం ఫొటోలో గిజా పిరమిడ్లను దగ్గరికి జరపడం, 2006లో బీరూట్ ఫొటోలో పొగను పెంచిన సంగతి బయటపడి రాయిటర్స్ సంస్థ ఆ ఫొటోగ్రాఫర్ తీసిన 920 చిత్రాలను ఉపసంహరించుకోవడం వంటివి చెబుతూ, సవరణ ఎక్కడ ఆగాలో ఆయన నేర్పిన తీరుకు నేను ఎంతో కృతజ్ఞుడిని. ఇంతటి తరగతులకు మొత్తం కోర్సులో పావు వంతు సమయం కూడా కేటాయించకపోవడం అన్యాయం.

ఇక సంస్థ కరపత్రంలో ముద్రించిన ఉద్యోగాల నిచ్చెన విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఫొటోలు దిద్దే రీటచర్‌గా చేరి, ఏ ఫొటో వేయాలో తేల్చే ఫొటో ఎడిటర్‌ అయి, అక్కడి నుంచి మొత్తం రూపురేఖలు నిర్ణయించే క్రియేటివ్ డైరెక్టర్‌గా ఎదగవచ్చని అందులో ఉంది. నిజానికి ఇవి తరచుగా వేర్వేరు దారులు. 1944లో నార్మండీ తీరం నుంచి యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా పంపిన చిత్రాలను లండన్‌లో లైఫ్ పత్రిక తరఫున అందుకున్న జాన్ మోరిస్, తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లోనూ పిక్చర్ ఎడిటర్‌గానే పనిచేశారు. ఎంపికే ఆయన వృత్తి. 1934 నుంచి 1958 దాకా ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్ రూపురేఖలు తీర్చిన అలెక్సీ బ్రొడోవిచ్ వచ్చింది డిజైన్ వైపు నుంచి. క్రియేటివ్ డైరెక్టర్లు ఎక్కువగా ఈ రెండో దారినే, అంటే పేజీ డిజైన్, ఆర్ట్ డైరెక్షన్ మీదుగా వస్తారు. వారికి అక్షర రూపాలు, లేఅవుట్, బడ్జెట్, బృంద నిర్వహణ తెలిసి ఉండాలి. వీటిలో ఒక్కటీ ఈ కోర్సులో లేదు. పైగా మన తెలుగు పత్రికల్లో ఫొటో ఎడిటర్ అనే ప్రత్యేక పదవి ప్రతిచోటా ఉండదు. చాలాసార్లు డెస్క్ ఇన్‌చార్జే ఫొటో కూడా ఖాయం చేస్తారు. ఈ సంగతి చేరేముందే విద్యార్థికి చెప్పాలి.

ఉద్యోగ సహాయం పేరుతో వచ్చిన పిలుపుల్లో అధికభాగం పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్‌, ఆన్‌లైన్ అమ్మకాల ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం వంటి పనులకే. అవి గౌరవమైన పనులే, కానీ మీడియా ఉద్యోగమని ఆశపడి చేరినవారు కోరుకున్నవి కావు.

ఇప్పటికే విలేకరిగానో, సబ్ ఎడిటర్‌గానో పనిచేస్తూ ఫొటోపై పట్టు పెంచుకోదలచినవారికి ఈ కోర్సు తప్పక ఉపయోగపడుతుంది. ఇంటర్ పూర్తిచేసి, క్రియేటివ్ డైరెక్టర్ కావాలన్న లక్ష్యంతో ఉన్నవారు మాత్రం మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఉన్న బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) కోర్సులను ముందుగా పరిశీలించడం మంచిది. ఇక్కడే చేరదలచుకుంటే ఫీజు ఒకేసారి కట్టకుండా వాయిదాలు అడగండి. పైన చెప్పిన పెద్దాయన డెస్క్ తరగతులు సాయంత్రం బ్యాచ్‌కు మాత్రమే ఉన్నాయి, ఆదివారం బ్యాచ్‌కు లేవు.