బీపీ మిషన్‌లో నాకు నచ్చింది సగటు మీట

చేతికి పట్టీ చుట్టి మీట నొక్కితే అంకెలు చూపించడం ఏ మిషనైనా చేసే పనే. కొన్నేళ్లుగా వాడుతున్న ఈ డిజిటల్ మిషన్‌ను నేను వదులుకోకపోవడానికి కారణం అందులోని వారం సగటు మీట. ఉదయం రీడింగుల సగటు, సాయంత్రం రీడింగుల సగటు విడివిడిగా చూపిస్తుంది.

నా బీపీ నిలకడ లేని బాపతు. ఒకసారి 128, కాసేపటికి 160. పెద్ద అంకె చూడగానే దడ, ఆ దడలో మళ్లీ నొక్కితే ఇంకా పెద్ద అంకె. డాక్టరు ఎదుట కూర్చుంటే ఇక చెప్పనక్కర్లేదు. విడి రీడింగులు నాకొద్దు, వారం సగటు తీసుకురమ్మన్నారాయన. ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఎడంతో చూసుకోవాలి. తొలిరోజువి లెక్కలోంచి తీసేయాలి. ఇంట్లో చూసిన సగటు 135/85కి చేరితే ఎక్కువ కింద లెక్క. ఆసుపత్రిలో చూస్తే ఆ హద్దు 140/90.

రెండు సగటులూ పక్కపక్కన పెట్టాక, నా బీపీ ఇష్టం వచ్చినట్టు ఎగరడం లేదని తెలిసింది. సాయంత్రం సగటు హద్దు లోపలే ఉంది. ఉదయానిది మాత్రం దాటింది. ముందురోజు వేసుకున్న మాత్ర ప్రభావం తెల్లవారేసరికి సన్నగిల్లుతోందేమోనని డాక్టరు అనుమానించి, రోజంతా పనిచేసే రకానికి మార్చారు. తర్వాత ఉదయం అంకెలు మెల్లగా దిగాయి. విడి అంకెలనే పట్టుకుని కూర్చుంటే ఈ తేడా నా కంటికి ఆనేదే కాదు.

అయితే ఈ మీటకు తొలిరోజును వదిలేయడం తెలియదు. ఆ కూడికలు కాగితం మీద నేనే వేసుకోవాలి. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలు వరసగా తమ బీపీ చూసుకున్నారు, అవన్నీ నా ఖాతాలో చేరిపోయాయి. ఒక్కో రీడింగును చెరిపే వీలు లేదు. చెరిపితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ వారం శ్రమంతా వృథా! పైగా చేయి కిందికి వేలాడేసి, కబుర్లు చెబుతూ తీసిన రీడింగులకు సగటు కట్టినా వచ్చేది తప్పుడు లెక్కే. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాకే నేను మీట నొక్కుతాను. 180/120 దాటి, ఛాతీలో నొప్పో ఆయాసమో, మాట తడబడటమో ఉంటే సగటు గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మిషన్‌తో వచ్చిన పట్టీ నా చేతికి సరిపోయింది. లావు చేతికి అదే చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, పెద్ద పట్టీ విడిగా కొనుక్కోవాలి. నా గుండె లయ సక్రమంగా ఉంది కాబట్టి ఈ అంకెలను నమ్ముతున్నాను. మా అన్నయ్యకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉంది. ఒక్కో స్పందనకూ బీపీ మారిపోతుంటుంది గనుక ఆయనకు ఈ మిషన్ వరసగా మూడుసార్లు మూడు రకాలుగా చెబుతుంది. కొనమని ఆయనకు నేను చెప్పలేదు, ముందు డాక్టరును అడగమన్నాను.