12 ఏళ్ళ హోరీహోరీ, 56 ఏళ్ళ గరిక

నాకు 79 ఏళ్ళు. ఒక మోకాలు దేవుడిచ్చింది, ఒకటి డాక్టరు పెట్టింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తోటపని సామాను గురించి రాసేవాళ్ళు కొన్న వారానికే రాసేస్తారు, మోకాళ్ళ ఊసే ఎత్తరు. నేను రాస్తున్నది హోరీహోరీ అనే జపాన్ కత్తి గురించి. 2013లో ముప్పై డాలర్ల పైచిలుకు పెట్టి కొన్నాను. కాలిఫోర్నియాలో వాల్‌నట్ క్రీక్ అనే ఊళ్ళో మా పెరడు. వానాకాలం, ఎండాకాలం అని లేకుండా వారానికి నాలుగు రోజులైనా ఈ కత్తి నా చేతిలో ఉంటుంది.

చూడనివాళ్ళకి చెబుతాను. కత్తికీ తాపీకీ మధ్యరకం వస్తువు ఇది. ఏడంగుళాల ఇనుప రేకు, కొంచెం దోనెలా వంపు తిరిగి ఉంటుంది. ఒక అంచు పదును, రెండో అంచుకి రంపపు పళ్ళు. మొన సూటిగా దిగుతుంది. రేకు మీద అంగుళాల గీతలు ఉంటాయి కాబట్టి ఉల్లిగడ్డ ఎంత లోతున పెట్టాలో కొలుచుకోవచ్చు. జపాన్ భాషలో హోరీ అంటే తవ్వడమట. వాళ్ళు కొండల్లో మొక్కలు వేళ్ళతో సహా పెకలించడానికి వాడేవాళ్ళు. మా నాన్న చూసుంటే "తవ్వుకోలకి పదును పెట్టినట్టుందిరా" అనేవారు.

నా చేతికి గడ్డి పని తగులుకున్న కథ కొంచెం పాతది. 1968లో ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, జేబులో 8 డాలర్లతో పైచదువుకి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో దిగాను. నూనె రాసి పాపిడి తీసిన తల. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తల భుజాల దాకా పెరిగింది, చెప్పులు పోయాయి, మెడలో పూసలు వచ్చాయి. చదువు మాత్రం మానలేదు, నాన్నంటే భయం. అప్పట్లో అక్కడి హిప్పీలకి ఇండియా నుంచి వచ్చిన ప్రతివాడూ గురువే. నన్ను నేల మీద కూర్చోబెట్టి ఏదైనా మంత్రం చెప్పమనేవాళ్ళు. నాకు నోటికి వచ్చింది వినాయక చవితి పూజ ఒక్కటే. "దూర్వాయుగ్మం పూజయామి" అని నేను గంభీరంగా అంటుంటే పదిమంది కళ్ళు మూసుకుని ఊగేవాళ్ళు. అది గరిక పెట్టేటప్పుడు చదివే మాటని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది.

1969 ఏప్రిల్ 20న టెలిగ్రాఫ్ అవెన్యూ పక్కన, యూనివర్సిటీ ఇళ్ళు కూలగొట్టి బురదగుంటలా వదిలేసిన స్థలంలో జనం పారలు పట్టుకుని దిగారు. అదే పీపుల్స్ పార్క్. నేనూ వెళ్ళాను. పల్లెటూరి రైతు కొడుకుని కదా, పార పట్టడం వచ్చు అని అక్కడ కాస్త గౌరవం. కానీ వాళ్ళు చేస్తున్న పని చూసి నాకు మతిపోయింది. చాపల్లా చుట్టచుట్టిన గడ్డిని డబ్బు పోసి కొనుక్కొచ్చి నేల మీద పరుస్తున్నారు! మా ఊళ్ళో చేలో గడ్డి పీకినందుకు కూలి ఇస్తాం. ఇక్కడ గడ్డి వేసినందుకు పాటలు పాడుతున్నారు. ఆ రోజు నా చేతులతో పరిచిన పచ్చిక ఎంతో నాకు గుర్తులేదు, ఆ తడిమట్టి వాసన మాత్రం గుర్తుంది.

మే 15న తెల్లవారకముందే యూనివర్సిటీ వాళ్ళు ఆ పార్కు చుట్టూ కంచె వేశారు. మధ్యాహ్నం గొడవ. పోలీసులు తుపాకులు పేల్చారు, ఒకతను చనిపోయాడు, ఒకతని చూపు పోయింది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ నేషనల్ గార్డ్ సైనికుల్ని దింపాడు. మరో ఐదు రోజులకి హెలికాప్టర్ నుంచి క్యాంపస్ మీద టియర్‌గ్యాస్ వదిలారు. నేను ల్యాబ్‌లో ఉన్నాను, కళ్ళు మండి ఇంటికి పరిగెత్తాను. ఆ వారం నాన్నకి రాసిన ఉత్తరంలో "ఇక్కడ వాతావరణం బాగుంది" అని రాశాను. 2024 జనవరిలో అదే పార్కు చుట్టూ సరుకుల కంటెయినర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కట్టారు. వెళ్ళి చూసి వచ్చాను. కంటెయినర్ల కింద, ఫుట్‌పాత్ పగుళ్ళలో గడ్డి మొలుస్తూనే ఉంది.

కత్తి సంగతికి వస్తాను. ఈ ఇల్లు కొన్న కొత్తలో నాలో ఇంకా హిప్పీ మిగిలి ఉన్నాడు. "కలుపు అని పేరు పెట్టింది మనమే, అదీ మొక్కే" అని ఏదీ పీకలేదు. మా ఆవిడ "అలాగే ఉండనివ్వండి, రేపు మనల్ని పీకేస్తుంది" అంది. మూడేళ్ళకి అదే అయింది. ఆ తర్వాతే పనిముట్ల వేట మొదలైంది.

హోరీహోరీకి సాటిలేని పని, ఒకే తల్లివేరు లోతుగా దిగిన కలుపుని తియ్యడం. డాండిలైన్ లాంటివి. పక్కన మొన దించి, పిడి కొంచెం వాల్చి, ఇంకో చేత్తో మొదలు పట్టుకుంటే ముల్లంగి వచ్చినట్టు వస్తుంది. వాన పడ్డ మర్నాడు చేస్తే గంటలో రెండు బకెట్లు. అదే ఎండిపోయిన బంకమట్టిలో చేస్తే వేరు మధ్యలో తెగుతుంది, నెలకి మళ్ళీ లేస్తుంది. గంగపావిలి కూర కూడా ఇక్కడ కలుపే. దాన్ని కత్తితో తీస్తాను గానీ బకెట్‌లో వెయ్యను, పప్పులోకి వెళుతుంది. పక్కింటివాళ్ళు మొదట జాలిగా చూశారు, ఇప్పుడు అడిగి పట్టుకెళుతున్నారు.

మన పులిచింతకి పెద్దన్న లాంటిది ఒకటుంది, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఆక్సాలిస్. చలికాలం చివర పసుపు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. కింద చిన్న చిన్న గడ్డలు ఉంటాయి. ఆకు లాగితే ఆకే వస్తుంది, గడ్డ నవ్వుకుంటూ కిందే ఉంటుంది. కత్తి మొనతో లోతుగా పెళ్ళగించి గడ్డలు ఏరుకోవాలి, అదీ పూలు రాకముందే. నాలుగు చలికాలాలు వరసగా చేస్తే ఒక మడి బాగుపడింది. మడి అంటే పది అడుగులు.

ఇక ఓడిపోయినవి. తుంగ విషయంలో ఈ కత్తి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తుంగ గడ్డలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. ఒకటి తెంపితే నిద్రపోతున్న మిగతావి లేస్తాయి. నేను రెండేళ్ళు శ్రద్ధగా తుంగని సాగు చేశాను, తెలియక. బైండ్‌వీడ్ అనే తీగ ఇంకా ఘోరం. వేలెడు ముక్క మట్టిలో ఉండిపోయినా చాలు, చిగురిస్తుంది. రంపపు అంచుతో వేరు కోసినప్పుడల్లా నేను అంటుకడుతున్నట్టే. దాని గింజలు మట్టిలో యాభై ఏళ్ళ పైన బతుకుతాయట, అంటే నా హిప్పీ రోజుల్లో రాలిన గింజ ఈ ఏడు మొలిచినా మొలవొచ్చు. దానికి నాకు పనిచేసింది ఒకటే: ఆకు కనబడ్డప్పుడల్లా కోసెయ్యడం, వారం వారం, వేరు అలిసిపోయేదాకా. ఒకసారి విసుగొచ్చి కలుపుమందు తెచ్చి చిన్న బ్రష్‌తో ఆకులకి పూశాను. పూస్తున్నంతసేపూ దొంగతనం చేస్తున్నవాడిలా వీధి వైపు చూశాను. తీగ చచ్చింది, ఆర్నెల్లకి కంచె అవతల నుంచి మళ్ళీ వచ్చింది. ఆ డబ్బా మళ్ళీ తెరవలేదు.

వస్తువు మన్నిక. నాది కార్బన్ స్టీలు, తడిపి వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు. పని అయ్యాక తుడిచి కొబ్బరినూనె రాస్తాను, నా తలకి మానేసిన నూనె దీనికి పోతోంది. పదును నెలకోసారి ఆకురాయితో నేనే పడతాను. చెక్క పిడి ఎనిమిదో ఏట పగిలింది, కొత్తది వేశాను. రేకు ఇనుము పిడి చివరిదాకా ఉంది కాబట్టి అది కుదిరింది. మధ్యలో చవకగా వచ్చిందని ఇంకోటి కొన్నాను, దాని ఇనుము పిడిలో రెండంగుళాలే ఉంది, మొదటి రాయికే ఊడింది. కొనేటప్పుడు చూడాల్సింది ఇదొక్కటే. రాళ్ళు లేపడానికి గునపంలా వాడకండి, నా కత్తి మొన కొంచెం వంకర పోయింది ఆ తప్పుకే. పిడికి ఎర్ర టేపు చుట్టండి, లేకపోతే కంపోస్టులో కలిసిపోతుంది. మూడుసార్లు కుప్ప తిరగేసి వెతికాను.

మోకాళ్ళు బాగాలేనివాళ్ళకి ఇది ఒక్కటే చాలదు. దీనికి వంగాలి, కూర్చోవాలి. నేను నాలుగేళ్ళుగా పొడుగు కర్రకి ఇనుప పట్టీ బిగించిన హూలా హో కూడా వాడుతున్నాను. మన దోకుడుపారకి చుట్టమే, కాకపోతే ముందుకీ వెనక్కీ రెండువైపులా తెగుతుంది. మొలక దశలో ఉన్న కలుపుకి అది, ముదిరినదానికి ఇది.

మనవడు యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఇంగ్లీషులో కలుపుకీ గంజాయికీ ఒకే మాట కాబట్టి, "తాతా, నువ్వు అప్పుడూ వీడ్, ఇప్పుడూ వీడే" అంటాడు. అప్పటి సంగతి ఎంత నిజమో వాడికి నేను చెప్పలేదు, వాళ్ళ అమ్మమ్మ ఎదురుగా అసలు చెప్పను.

గరిక మిగిలింది. దీన్నే ఇక్కడ బెర్ముడా గడ్డి అంటారు, లాన్లలో కోరి వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. మా కూరమళ్ళలో ఇదే పెద్ద తలనొప్పి. భూమి పైన ఒక కాడ, కింద ఒక కాడ, గణుపు గణుపుకీ వేరు. ఎండాకాలం ఆరు వారాలు ప్లాస్టిక్ షీటు కప్పి ఉడికిస్తే మాడింది, అంచుల నుంచి మళ్ళీ పాకింది. కానీ వినాయక చవితికి ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ గరిక కోసం మా ఇంటికే వస్తారు. అందుకని అంతా పీకేసి, పూజకని ఒక కుండీలో మాత్రం ఉంచమంది మా ఆవిడ. సరేనని ఉంచాను. పోయిన నెల ఆ కుండీ జరుపుదామంటే కదలలేదు. కింద నీళ్ళ కోసం ఉన్న బెజ్జంలోంచి గరిక దిగి నేలలోకి పాకింది. కత్తి తీసుకుని మళ్ళీ కూర్చున్నాను.