డ్రిల్ బ్యాటరీ: సెల్స్ మార్పించాలా, కొత్త ప్యాక్ కొనాలా?

తిరుపతి ఎండలో మెషిన్ వదిలేస్తే ముందు దెబ్బతినేది బ్యాటరీయే. 18 వోల్టుల లిథియం ప్యాక్ విప్పితే 3.6 వోల్టుల సెల్స్ వరసగా ఐదు ఉంటాయి, పెద్దదైతే రెండేసి జతగా పది.

ఖర్చు: సెల్స్ మార్పిస్తే తక్కువ. కొత్త ప్యాక్ అంటే ఒక్కోసారి మెషిన్ ధరలో సగం.

శ్రమ: కొత్తది తగిలిస్తే పని మొదలు. రిపేరుకి స్పాట్ వెల్డింగ్ (సెల్‌కి లోహపు పట్టీని క్షణంలో అతికించే పద్ధతి) ఉన్న షాపు వెతకాలి. సోల్డరింగ్‌తో అంటిస్తానంటే ఇవ్వొద్దు, ఆ వేడికి సెల్ పాడవుతుంది.

రిస్క్: నేను కక్కుర్తిపడి ఒక్క సెల్లే మార్పించా. నెల తిరక్కుండా ఛార్జర్ మీద మళ్ళీ లోపం చూపే ఎర్ర లైటే! మారిస్తే అన్నీ ఒకే రకం వేయించాలి. ఉబ్బిన ప్యాక్ విప్పనే వద్దు.

ఇంట్లో ఎప్పుడో వాడే డ్రిల్లుకి, ప్యాక్ దొరకని పాత మోడల్‌కి సెల్స్ చాలు. రోజూ పనికెళ్లే వడ్రంగికైతే కొత్తదే. వారంటీ ఉంటే విప్పకుండా సర్వీస్ సెంటర్‌కి.