చిన్న బృందంతో వియత్నాం, లావోస్, కంబోడియా: కొన్నేళ్ల అనుభవం మీద ఒక సమీక్ష

వియత్నాం, లావోస్, కంబోడియా దేశాలను ఒకే విడతలో, వీలైనంతవరకు భూమార్గాన చుట్టివచ్చే చిన్న బృందాల యాత్రలు కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఎక్కువసార్లు ఒకే సంస్థతో వెళ్లాను, మధ్యలో వేరేవాళ్లనూ చూశాను. కనుక ఏదో ఒక సంస్థకు మార్కులు వేయడం కంటే, ఈ తరహా యాత్ర తానిచ్చిన మాటను ఎంతవరకు నిలబెట్టుకుంటుందో రాయడమే మేలనిపించింది. బృందంలో మామూలుగా పది పన్నెండు మంది ఉంటారు, ఎప్పుడైనా పదహారుకు చేరుతుంది. మొదటినుంచి చివరిదాకా ఒక టూర్ లీడరు వెంట ఉంటారు, ఆయా ఊళ్లలో స్థానిక గైడ్లు వచ్చి కలుస్తారు. బస కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లలోనూ హోమ్‌స్టేలలోనూ, ప్రయాణం రాత్రి రైళ్లలోనూ పడవల్లోనూ మామూలు బస్సుల్లోనూ సాగుతుంది. ‘బాధ్యతాయుత పర్యటన’ అని ప్రకటనలో రాసుకోని సంస్థ ఇప్పుడు దాదాపు లేదు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: డబ్బు కట్టి వచ్చిన నన్ను ఈ యాత్ర ఎక్కడైనా ఆపిందా?

ఈ పరీక్షకు లువాంగ్ ప్రబాంగ్‌ను మించిన చోటు లేదు. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ లావోస్ పట్టణంలో రోజూ తెల్లవారుతుండగానే బౌద్ధ భిక్షువులు, వారి వెనక బాల భిక్షువులు వరుసగా భిక్షకు బయలుదేరతారు. దీన్ని తక్ బాత్ అంటారు. వీధి అంచున చాపల మీద కూర్చున్న ఇల్లాళ్లు వెదురు బుట్టలోంచి జిగురు అన్నం చిన్న ముద్దగా తీసి ఒక్కొక్క పాత్రలో వేస్తారు, ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని ఫ్లాష్ వెలుగులతో, సెల్ఫీలతో పర్యాటకులు ఎంతగా పాడుచేశారో అక్కడ ఒక్క ఉదయం నిలబడితే చాలు, అర్థమవుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు మా లీడరు ముందురోజు రాత్రే అందరినీ కూర్చోబెట్టి చెప్పారు: వీధికి అవతలి పక్కనే నిలబడాలి, భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, ఫ్లాష్ వాడకూడదు, ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, నిజంగా భక్తితో పెట్టాలనుకునేవారు మాత్రం బజారులో తాజా అన్నం కొని, భిక్షువుల కంటే తక్కువ ఎత్తులో కూర్చుని పెట్టాలి. ఫొటో కోసమే అయితే అసలు కూర్చోవద్దని కూడా తేల్చేశారు. బృందంలో ఒకరిద్దరు అలిగారు. మరో ఏడు అదే సంస్థతో, వేరే లీడరు వెంట వెళ్లినప్పుడు మాత్రం దారిలో అమ్మకానికి పెట్టిన అన్నం బుట్టలు అందరిచేతా కొనిపించి, వరుసగా కూర్చోబెట్టి, ఆయనే ఫొటోలు తీశారు. నియమాల కాగితం రెండుసార్లూ ఒకటే, మారింది మనిషి. ఈ యాత్రల బాగోగులు ముప్పాతిక వంతు లీడరు మీదే ఆధారపడి ఉంటాయన్నది నేను అప్పటినుంచీ మార్చుకోని అభిప్రాయం.

లావోస్ ఉత్తరాన లువాంగ్ నమ్‌థా దగ్గరి నామ్ హా అడవుల్లో చేసిన నడక ఈ యాత్రలన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన భాగం. అక్కడ 1999లో యునెస్కో తోడ్పాటుతో, గ్రామాలనే ఆధారం చేసుకున్న ట్రెక్కింగ్ మొదలైంది. సాహసం కోరుకునేవారికి అక్కడి నిటారు దారులూ వానాకాలపు జలగలూ సరిపోతాయి. గైడ్లు మధ్యాహ్నం అడవిలోనే అరటాకులు పరిచి అందరికీ కలిపి వడ్డిస్తారు. జిగురు అన్నాన్ని చేత్తో ముద్ద చేసుకోవడానికి పాశ్చాత్యులు తంటాలు పడుతుంటే, ఆ ఒక్క విషయంలో మనం ముందుంటాం. ఆఖా తెగవాళ్ల ఊరి పొలిమేరలో కొయ్య బొమ్మలున్న ద్వారం ఒకటి ఉంటుంది. మనుషుల లోకానికీ అడవి ఆత్మల లోకానికీ అది సరిహద్దు అని వారి నమ్మకం, కనుక దాన్ని ముట్టుకోకూడదు. మా గైడు మమ్మల్ని దానికి దూరంగా, పక్క దారినుంచి తీసుకెళ్లారు. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచవద్దన్నారు. ఇవ్వాలనుకుంటే బడి పెద్దకు ఇమ్మన్నారు. మేము కట్టిన డబ్బులో ఊరికి ఎంత, వంట చేసిన ఇంటికి ఎంత, అడవి రుసుము ఎంత అని అడిగితే ఆయన నీళ్లు నమలకుండా లెక్క చెప్పారు, వంట వంతు ఇంటింటికీ మారుతుందని కూడా చెప్పారు. ఒక్క రాత్రి ఉండి పోయే బృందాన్ని ఊరివాళ్లు మర్యాదగా భరిస్తారు. రెండో రాత్రి ఉన్నప్పుడు మాత్రమే వాళ్లు మనల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. మా ఇళ్లలో ఎన్ని పశువులున్నాయి, వరి ఎప్పుడు నాటుతాం, పెళ్లికి ఎవరు ఖర్చు పెడతారు అని అడిగారు. కార్యక్రమ పట్టికలో ఒకే ఊళ్లో రెండు రాత్రులున్న యాత్రను ఎంచుకోమని ఎవరడిగినా చెబుతాను.

మణికట్టుకు తెల్లదారాలు కట్టి దీవించే బాసీ విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ రెండు మనసులే. పర్యాటకుల కోసం రాత్రి భోజనానికి ముందు ఏర్పాటు చేసిన బాసీ ఒక ప్రదర్శనే, అయినా మంత్రం చదివే పెద్దాయన ముఖంలో మాత్రం ప్రదర్శన కనిపించదు. ఆ దారాలను మూడు రోజులదాకా తీయకూడదన్నారు, తీయలేదు.

సాహసయాత్ర అనే మాటకు లావోస్‌లో మరో హద్దు ఉంది. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది, వాటిలో పేలనివి కోట్ల సంఖ్యలో మట్టిలో మిగిలిపోయాయి. 2019లో వారసత్వ జాబితాకెక్కిన రాతి జాడీల మైదానంలో, ఫోన్‌సవాన్ దగ్గర, నేలలో పాతిన గుర్తులకు తెల్లరంగు ఉన్న వైపే నడవాలి. ఎర్రరంగు వైపు నేలలోపలిదాకా శుభ్రం చేయలేదని అర్థం. దారి వదిలి నాలుగడుగులు పక్కకు వేసిన ఒక సహయాత్రికుణ్ని గైడు అందరిముందూ గట్టిగా మందలించారు, అది నాకు సబబుగానే తోచింది. వియంటియాన్‌లో బాంబులవల్ల అవయవాలు కోల్పోయినవారికి కృత్రిమ కాళ్లూ చేతులూ అమర్చే కోప్ సంస్థ సందర్శన కేంద్రం కూడా కార్యక్రమంలో ఉంటుంది. దాన్ని యాత్ర చివర కాకుండా, ఈ మైదానానికి వెళ్లకముందే చూపిస్తే బాగుండేది.

కంబోడియాలో మంచి మార్పులు కొన్ని యాత్రా సంస్థల చేతుల్లో లేకుండానే వచ్చాయి. ఆంగ్‌కోర్‌లో ఏనుగు సవారీలు 2020లో ఆగిపోయాయి. సూర్యాస్తమయం కోసం జనం ఎగబడే ఫ్నోమ్ బాఖెంగ్ గుడి మీదికి ఒకేసారి 300 మందిని మించి అనుమతించరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోనివారిని ఆంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకు ఎక్కనివ్వరు. అనాథాశ్రమాల సందర్శనను నేను వెళ్లిన సంస్థలన్నీ మానేశాయి. అలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ బయటపెట్టాక ఎవరికైనా అదే న్యాయం. అయితే టోన్లే సాప్ సరస్సు మీద ఒక ఊరికి తీసుకెళ్లినప్పుడు, బడి పిల్లలకు దానమని చెప్పి పడవవాళ్లు మాచేత విపరీతమైన ధరకు బియ్యం బస్తాలు కొనిపించారు. లీడరు అక్కడే ఉండి, నోరు మెదపలేదు. తిరిగొచ్చాక సంస్థకు రాస్తే క్షమాపణ వచ్చింది, మరుసటి ఏడు పట్టికలో మాత్రం అదే ఊరు అలాగే ఉంది.

భారతీయులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ సంస్థల సూచనల పుస్తకాలన్నీ యూరప్, ఆస్ట్రేలియా మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గుళ్లో చెప్పులు విప్పమని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, మనం దారి తప్పేది వేరేచోట. వియత్నాంలోని ‘మీ సన్’ అనే చోట, నాలుగో శతాబ్దంలో భద్రవర్మ భద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించిన చంపా రాజ్యపు శివక్షేత్రంలో, ‘ఇదంతా మనదే’ అని గట్టిగా ప్రకటించుకునే మనవాళ్లను చాలాసార్లు చూశాను. చంపాలో ఒక భాగానికి అమరావతి అని పేరున్నదని తెలిస్తే ఇక ఆంధ్రులను ఆపడం కష్టం. భారత పురావస్తు శాఖ అక్కడ గుడుల పునరుద్ధరణ చేసింది, 2020లో తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది కూడా, కాదనను. కాని ఆ గుడులు కట్టినవారి వారసులైన చామ్ ప్రజలు దక్షిణాన నిన్ థువాన్ ప్రాంతంలో ఇప్పటికీ తమ గుళ్లలో తమ పద్ధతిలో పూజలు చేసుకుంటున్నారు. మనం చెప్పడం ఆపి ఒక గంట వింటే, వారి దేవతలూ వారి కర్మకాండా మనకు తెలిసినట్టే ఉంటూ మనవి కాకుండా ఎలా పోయాయో తెలుస్తుంది. ఒక యాత్రలో స్థానిక గైడు, మా బృందంలోని భారతీయులను చిరునవ్వుతోనే మధ్యలో ఆపి, ‘మా తాతలు కూడా కొంత చేశారండీ’ అన్నారు.

ఇక తిండి. శాకాహారినని బుకింగ్‌లో రాసినంత మాత్రాన చాలదు, ఎందుకంటే వియత్నాంలో నూక్ మామ్, లావోస్‌లో పాడేక్, కంబోడియాలో ప్రహోక్ అనే పులియబెట్టిన చేపల సరుకు కూరగాయల వంటకాల్లోకి కూడా చేరుతుంది. వియత్నాంలో అమావాస్యకూ పౌర్ణమికీ చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కనుక ఆ రోజుల్లో ‘చాయ్’ (అంటే అక్కడ శాకాహారం) భోజనశాలలు కళకళలాడుతుంటాయి. పల్లెల్లో మాత్రం అన్నం, ఉడికించిన ఆకుకూర, వెంట తెచ్చుకున్న కందిపొడితో సరిపెట్టుకోవాలి. వీసాల విషయంలో సంస్థలు భారత పాస్‌పోర్టును దాదాపు మరిచిపోతాయి. వియత్నాం ఈ-వీసా నిర్ణీత ప్రవేశద్వారాల్లోనే చెల్లుతుంది, భూసరిహద్దుకు చేరుకున్నాక అప్పటికప్పుడు తీసుకుందామంటే కుదరదు. దాటే చోటు పేరును సంస్థనుంచి రాతపూర్వకంగా తీసుకుని దరఖాస్తులో అదే రాయాలి. మొత్తం ఖర్చు సొంతంగా తిరిగినదానికంటే బాగా ఎక్కువే. ఒంటరిగా వెళ్లేవారికి గది అదనపు రుసుము, లీడరు మొదటిరోజే వసూలుచేసే టిప్పుల నిధి కలిపితే ఇంకా బరువు. ఆ నిధిలో ఎవరికెంత ఇచ్చారో చివర చూపించమంటే మంచి లీడర్లు చూపిస్తారు.

మోకాళ్లు సహకరించే అరవై దాటినవారికీ, ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకూ ఈ యాత్రలు నిశ్చింతగా సూచిస్తాను. వేగంగా ఎక్కువ చోట్లు చూడాలనుకునేవారు ఇందులో విసిగిపోతారు. ఫిబ్రవరి చివరినుంచి ఏప్రిల్ దాకా లావోస్ ఉత్తరాన పోడు మంటల పొగతో కొండలు కనిపించవు, కనుక నడక కోసం వెళ్లేవారు నవంబరు, జనవరి మధ్య తేదీలే చూసుకోవాలి.