బ్రౌజర్‌లో పాత డాస్ ఆటలు: కొన్నేళ్లు ఆడాక తేలిందేమిటంటే

విండోస్‌కి ముందు పీసీలను నడిపిన డాస్ కోసం రాసిన ఆటలను బ్రౌజర్‌లో ఆడటం కొన్నేళ్లుగా నాకు అలవాటు. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఏ ఫైల్ ఎక్కడ పెట్టాలన్న గొడవ లేదు. పేజీ తెరిచి బొమ్మ మీద నొక్కితే కాసేపట్లో ఆట మొదలవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకసారి కూర్చుంటే అయిపోయే చిన్న ఆటలకు ఇంతకంటే సుఖమైన దారి లేదు. వారాల తరబడి ఆడే పెద్ద ఆటలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

దీని వెనక ఉన్నది డాస్‌బాక్స్. 2002లో వచ్చిన ఈ ప్రోగ్రామ్ ప్రాసెసర్, శబ్దం పుట్టించే సౌండ్ బ్లాస్టర్ కార్డుతో సహా ఓ పాత పీసీ చేసే పనంతా తనే చేసేస్తుంది. దాన్ని ఎమ్‌స్క్రిప్టెన్ అనే పనిముట్టుతో బ్రౌజర్‌లో నడిచేలా మార్చారు. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఈ పద్ధతిలో దాదాపు 2,400 ఆటలు పెట్టింది. 2019లో ఇంకో 2,500 దాకా చేర్చింది. చిన్నప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే ఆడిన ఆటలు చాలావరకు అందులో దొరికేస్తాయి.

మొదట డేంజరస్ డేవ్. పది లెవెళ్లు, కప్పు అందుకోవాలి, తలుపు దగ్గరికి పోవాలి, అంతే. సేవ్ చేసే అవసరమే రాదు. బ్రౌజర్ కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. ఒక్క చిక్కు, ఎగరడానికి వాడే జెట్‌ప్యాక్‌కి ఆల్ట్ నొక్కాలి. ఆల్ట్‌తో పాటు ఎడమ బాణం కూడా పడితే బ్రౌజర్‌కి అది వెనక్కి పొమ్మన్న ఆజ్ఞ. ఆట మాయమై అంతకుముందు చూసిన పేజీ వచ్చేస్తుంది. వోల్ఫెన్‌స్టైన్ 3డీ అనే కాల్పుల ఆటలో పక్కకి జరగడానికి కూడా ఆల్ట్, బాణమే, అక్కడా ఇదే బాధ. కొన్ని సైట్లు ఈ మీటలను బ్రౌజర్ దాకా పోనివ్వవు, కొన్ని పట్టించుకోవు. కాబట్టి ఆటను ఎప్పుడూ విడిగా కొత్త ట్యాబ్‌లోనే తెరుస్తాను. వెనక్కి పోవడానికి పేజీ ఉండదు కదా.

నేను ఎక్కువగా ఆడింది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ దీన్ని 1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం తెచ్చాడు, డాస్‌కి 1990లో వచ్చింది. గంటలోపు పన్నెండు లెవెళ్లు దాటి రాకుమారిని విడిపించాలి. ఇందులో షిఫ్ట్ మీటే ప్రాణం. అంచు పట్టుకుని వేలాడాలన్నా, ముళ్ల మధ్య ఆచితూచి అడుగేయాలన్నా, సీసా ఎత్తి తాగాలన్నా, కత్తి దూయాలన్నా షిఫ్టే. విండోస్‌లో షిఫ్ట్ వరుసగా ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ (మీటలను ఒక్కొక్కటిగా నొక్కుకునే సదుపాయం) కావాలా అని అడిగే పెట్టె ఊడిపడుతుంది! భటుడితో హోరాహోరీగా ఉన్నప్పుడు అది ప్రత్యక్షమైతే ఎలా ఉంటుందో అనుభవించాల్సిందే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, కీబోర్డ్ కింద ఆ షార్ట్‌కట్ ఆపేయండి. ఆటకు ముందు చేయాల్సిన మొదటి పని ఇదే.

అడ్డదారిలో గెలవడానికి వాడే పాత కిటుకు, అంటే డాస్‌లో ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని టైప్ చేసి మొదలుపెట్టడం, చాలా సైట్లలో కుదరదు. ఆట నేరుగా తెరుచుకుంటుంది, టైప్ చేయడానికి చోటే ఉండదు. నిజాయితీగా ఆడుకోవాల్సిందే మరి.

ఇక సేవ్ సంగతి. ఆటలో సేవ్ నొక్కితే అయిపోయినట్టే కనబడుతుంది. కానీ చాలాచోట్ల అది రాసుకునేది కంప్యూటర్ మెమరీలో నడుస్తున్న ఉత్తుత్తి డిస్కులో. ట్యాబ్ మూస్తే ఆ డిస్కూ పోతుంది. కొన్ని సైట్లు బ్రౌజర్ నిల్వలో దాచిపెడతాయి గానీ, హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా తుడిచేస్తే అదీ గల్లంతే. నాగరికతను మొదటి నుంచి కట్టుకుంటూ పోయే 1991 నాటి సివిలైజేషన్ లాంటి ఆటని రాత్రంతా ఆడి, పొద్దున మళ్లీ రాతియుగం నుంచి మొదలుపెట్టే ఓపిక ఎవరికుంది? అలాంటివాటికి డాస్‌బాక్స్‌ని కంప్యూటర్‌లోనే పెట్టుకోవడం మేలు.

శబ్దం మొదట రాకపోతే కంగారు పడొద్దు, ఆట మీద ఒకసారి క్లిక్ చేస్తే వస్తుంది. పేజీని తాకేదాకా శబ్దం రానివ్వకపోవడం ఇప్పటి బ్రౌజర్ల పద్ధతి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు, గెంతాక కాసేపటికి గెంతిన చప్పుడు వినిపిస్తుంది. ఫోన్‌లో ఆడటం మాత్రం దండగ. తెర మీద గీసిన మీటలతో ప్రిన్స్ రెండో లెవెల్ దాటినవాళ్లుంటే వాళ్లకో దండం. తెర నిండా సాగదీయడం కూడా నాకు నచ్చదు. ఈ ఆటల బొమ్మ 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో గీసినా అడ్డం నాలుగు, నిలువు మూడు పాళ్లుండే పాత మానిటర్లకు సరిపోయేలా ఉంటుంది. వెడల్పు తెర మీద సాగదీస్తే డేవ్ లావెక్కిపోతాడు.

పాతవి కాబట్టి అన్నీ ఉచితమే అనుకోకండి, చాలావాటికి కాపీరైట్ ఇంకా ఉంది. డూమ్, వోల్ఫెన్‌స్టైన్ మొదటి ఎపిసోడ్లను షేర్‌వేర్‌గా, అంటే ఉచితంగా, అప్పట్లో తయారుచేసినవాళ్లే పంచిపెట్టారు కాబట్టి వాటికి బెంగ లేదు. ఆడబోతే నాలుగు ప్రకటనలు తెరిచే సైట్లకు మాత్రం దూరంగా ఉండండి, ఒకదానితో పడ్డ తిప్పలు నాకు చాలు.

ప్రిన్స్ కోసం నేనిప్పుడు ఎస్‌డీఎల్‌పాప్‌కి మారిపోయాను. డాస్ ఆటనే ఇప్పటి కంప్యూటర్ల కోసం మళ్లీ రాసిన ఉచిత ప్రోగ్రామ్ అది, సేవ్ ఎక్కడికీ పోదు. డేవ్ మాత్రం ఇంకా బ్రౌజర్‌లోనే.